అడవి దీవులకు శస్త్రవైద్యము

వర్షాకాలము వచ్చినదన్న ఆదిలాబాదు అడవిపల్లెలు దీవులగును. వాగు పొంగిననాడు బండి దాటదు, మోటారు దాటదు. పురిటినొప్పులు మాత్రము వాగు తగ్గువరకు ఆగవు. ఇట్టి సీమకు శస్త్రవైద్యమును సమకూర్చుట యెట్లు? నిజముగా సముద్రమధ్యమున నున్న చిన్న దేశములు ఈ ప్రశ్నను మనకంటె ముందు ఎదుర్కొనినవి. వాని యనుభవము మనకు పాఠము కాదగును.

ప్రపంచమున 500 కోట్ల జనులకు సురక్షితమై, భరింపదగిన శస్త్రచికిత్స అందుట లేదని 2015లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము ప్రకటించెను. సిజేరియన్ కాన్పు, కడుపు తెరచి చేయు చికిత్స, చర్మము చీల్చుకొని విరిగిన యెముకకు చికిత్స - ఈ మూడును చేయగల ఆసుపత్రి రెండు గంటల ప్రయాణములో ఎందరికి అందుచున్నదనునది ఆ సంఘము నిర్ణయించిన కొలమానము. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్యసభ శస్త్రవైద్యమును, మత్తువైద్యమును సర్వజనారోగ్యమున భాగములని తీర్మానించెను. 2017లో జాంబియా దేశము తన జాతీయ శస్త్రవైద్య ప్రణాళికను వెలువరించెను.

ఫిజీని చూడుడు. 1903 మొదలు చెన్నపట్టణపు రేవునుండి గిర్మిటు కూలీలై వెడలిన దక్షిణాదివారిలో మన తెలుగువారును గలరు. మూడువందలకు పైబడిన దీవులు గల ఆ దేశమున దీవికొక పెద్దాసుపత్రి అసాధ్యము. కావున ఏ చికిత్స చిన్నదీవిలో జరుగవలెను, దేనికి రాజధానికి పంపవలెను, దేనికి పరదేశమునకు పంపవలెనను విభాగము అచట ప్రాణావసరము. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల శస్త్రవైద్య బృందములు వచ్చి తోడ్పడుచున్నను, వారు మరలిపోయిన పిదప రోగి పక్కన నిలుచువాడు ఆ దీవులవాడే. 1885లో సువా నగరమున నెలకొన్న వైద్యపాఠశాల దీవుల యువకులనే తీర్చిదిద్దుచు వచ్చినది.

మన ఉత్తర తెలంగాణమున సాధనములు లేవనుట సత్యము కాదు. 2008లో ఆదిలాబాదున రిమ్సు వెలసెను. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండములందును, 2023లో కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల, ఆసిఫాబాదులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యెను. ఇది సంతోషింపదగిన విషయము. కాని చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. కళాశాల మొదటి పాదమును మాత్రమే ఇచ్చును. మత్తువైద్యుడు లేనిచో శస్త్రము ఒరలోని కత్తి. రక్తనిధి లేనిచో ప్రసవమందిరము భయస్థానము. నర్సు లేనిచో జరిగిన చికిత్సయు నిష్ఫలము. ఇక వాగు దాటలేని రోగి నాలుగవ పాదము విరిగినట్లే.

కొరత కత్తులది కాదు, క్రమముదని సాక్ష్యము గలదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు; దేశపు సగటు 21.5 మాత్రమే. వీనియందు కరీంనగరము అగ్రభాగముననున్న జిల్లాలలో నొకటి. ఆసిఫాబాదు అడుగుభాగమున నున్నది. ఒకచోట అక్కరలేని కోత, మరియొకచోట అక్కరకు రాని కోత! పట్టణమున డబ్బు చికిత్సను నిర్ణయించుచున్నది. అడవిలో దూరము నిర్ణయించుచున్నది. రెంటిని సరిదిద్దునది ప్రణాళిక యొక్కటే.

ఆ ప్రణాళిక యెట్లుండవలెను? ఉట్నూరు, ఆసిఫాబాదు, కాగజునగరము వంటి తావులలో పై మూడు చికిత్సలను రేయింబవళ్లు చేయు ఆసుపత్రి యేదో పేరుపెట్టి ప్రకటింపవలెను. వాగులు పొంగకమునుపే నెలలు నిండిన గర్భిణులకు ఆసుపత్రి చెంత వసతి కల్పింపవలెను. ఎందరికి చికిత్స జరిగెను, ఎందరిని పైకి పంపిరి, ఎందరు మరణించిరి, శస్త్రశాల యెన్నిదినములు మూతపడెను - ఈ లెక్కను నెలనెల ప్రజల యెదుట ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా గోండు, కోలాము, పరధాను యువజనులను నర్సులుగా, మత్తువైద్య సహాయకులుగా తీర్చి వారి యూళ్ల సమీపముననే నియమింపవలెను. 1940లో కొమరం భీము జోడేఘాటున ప్రాణమర్పించిన పిమ్మట, 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేయించెను. బడికి సాధ్యమైనది ఆసుపత్రికి అసాధ్యము కాదు.

భూవసతి గలవారికిని, పట్టణ ప్రముఖులకును మా విన్నపము. మీకు హైదరాబాదు దవాఖానా దూరము కాదు. కారు గలదు, పైకము గలదు. మీ పొలమున నాట్లు వేయు స్త్రీకి ఆ రెండును లేవు. రక్తదానమునకు ముందు నిలువుడు; మీ శాసనసభ్యుని కొత్త భవనము కొరకు గాక, ఉన్న భవనమున రాత్రివేళ మత్తువైద్యుడున్నాడా యని యడుగుడు. శంకుస్థాపన శిలలు మనకు చాలినన్ని గలవు. రెండు గంటలలో రోగిని చేర్చుకొను తలుపు ప్రతి పల్లెకును తెరచియుండవలెను. అంతవరకు ఈ అడగుట మానరాదు.