విశ్వపౌరత్వపు పట్టా

అమెరికా, ఇంగ్లండు దేశములలోని కొన్ని విశ్వవిద్యాలయములు చదువు ముగించిన విద్యార్థికి డిగ్రీతో పాటు మరియొక పత్రమును కూడ ఇచ్చుచున్నవి. దానిని 'గ్లోబల్ సిటిజన్‌షిప్' పత్రమందురు. తెలుగున విశ్వపౌరత్వపు పట్టా అనవచ్చును. బి.ఏ. తరగతుల వారికే గాక, కొన్ని చోట్ల ఎం.ఏ., పిహెచ్.డి. విద్యార్థులకును ఇది లభించుచున్నది. దీనికై చేయవలసిన పనులు స్థూలముగా అంతటను ఒకే తీరున ఉండును. దేశాంతర వ్యవహారములను గూర్చిన పాఠములు కొన్ని చదువవలెను. పరభాష యొకటి నేర్చుటయో, పరదేశమున కొంతకాలము వసించుటయో జరుగవలెను. సేవాకార్యములకు ఇన్ని గంటలని కేటాయింపవలెను. ఉపన్యాసములకు, ఉత్సవములకు పోయి హాజరు వేయించుకొనవలెను. తుదకు ఈ యనుభవముల వలన తనలో కలిగిన మార్పును వర్ణించుచు ఒక వ్యాసము వ్రాసి సమర్పింపవలెను. అంతట ఆ విద్యార్థి విశ్వపౌరుడగును.

ఇది ఎక్కడనో జరుగు తంతు అని మన ఉపాధ్యాయులు ఊరకుండుటకు వీలులేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో 4.7వ అంశము, 2030 నాటికి విద్యార్థులందరకును ఈ భావన అలవడవలెనని కోరుచున్నది. మన 2020 జాతీయ విద్యావిధానము కూడ దానిని పేరుపెట్టి పేర్కొన్నది. మాట వచ్చినది, మాట వెంట మార్కులు వచ్చుటకు మన దేశమున ఎంతోకాలము పట్టదు.

కావున ముందుగా మాటనే పరిశీలింపవలెను. పౌరుడనగా పురమున నుండువాడు. పురమునకు ఎల్లలున్నవి, పన్నులున్నవి, న్యాయస్థానమున్నది. ఓటు హక్కు ఉన్నది. విశ్వమునకు ఇవేవియు లేవు. ఈ చిక్కును మాటలతో గాక తన బ్రదుకుతో పరీక్షించి చూచినవాడు గేరీ డేవిస్ అను అమెరికన్. రెండవ ప్రపంచ యుద్ధమున ఇతడు బాంబరు విమానము నడపి జర్మనీ పట్టణములపై బాంబులు కురిపించెను. ఆ యుద్ధముననే సోదరుని పోగొట్టుకొనెను. 1948 మే నెలలో పారిస్ నగరమున తన దేశ పౌరసత్వమును త్యజించి, ఇకమీదట తాను ప్రపంచ పౌరుడనని ప్రకటించెను. ఆ యేడు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశములు ఆ నగరముననే జరిగినవి. ఆ ఆవరణము ఏ దేశమునకును చెందినది కాదని వాదించి, డేవిస్ అచ్చటనే మకాము పెట్టెను. 1954లో ఒక సంస్థను నెలకొల్పి, ప్రపంచ పాస్‌పోర్టులను అచ్చు వేయించి పంచనారంభించెను. వానిని మన్నించిన సరిహద్దులు కొన్ని, త్రోసిపుచ్చినవి అనేకములు. పలుమార్లు నిర్బంధమునకు గురియై కూడ, 2013లో కన్నుమూయు వరకు ఆయన తన పట్టు విడువలేదు. ఆయనను వెర్రివాడన్నవారు లేకపోలేదు. అయినను ఆ మాటకు తగిన వెల చెల్లించినవాడు ఆయన. హాజరు పట్టీలో సంతకము పెట్టి తెచ్చుకొను విశ్వపౌరత్వమునకు వెల ఏమున్నది?

2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. అందులో 1,96,567 మంది డిగ్రీకి పై చదువులు చదువువారే. వారిలో తెలుగువారి పాలు ఎంత గొప్పదో ఇరు తెలుగు రాష్ట్రములలో ఏ ఊరి వారినడిగినను చెప్పుదురు. అట్టి విద్యార్థి యొకడు ఈ పట్టాను సంపాదించినాడనుకొందము. సెలవులకు ఇల్లు చూచి తిరిగి పోయినపుడు విమానాశ్రయమున అధికారి అతనిని అడుగునది వీసా, ఐ-20 కాగితము. విశ్వపౌరత్వపు పట్టాను చూపుమని అడుగడు. ఈ సంగతి విద్యార్థికిని తెలియును, పట్టా ఇచ్చినవారికిని తెలియును.

ఇక అతని నిత్యజీవితము. నలుగురు తెలుగు పిల్లలు ఒక యింట అద్దెకుందురు. వంట తెలుగు, మాట తెలుగు, శుక్రవారపు సినిమా తెలుగు. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. పరాయిదేశమున పప్పన్నము, పలుకుతోడు లేనిదే దినము గడవదు. అయితే అతడు పనిచేయు ప్రయోగశాలను రాత్రివేళ ఊడ్చి తుడుచు స్త్రీ ఏ దేశము నుండి వచ్చినదో అతనికి తెలియదు. ఆమె స్పానిష్ మాటలాడునదైనచో, "అమ్మా, ఈ సీసా తాకవద్దు, చేయి కాలును" అని ఆమె భాషలో చెప్పజాలడు. పట్టాకు కావలసిన గంటలన్నియు అతనికి పూర్తియైనవి.

ఈ ఏర్పాటులో మేలు లేదనుట కూడ న్యాయము కాదు. పై చదువు మనిషిని నానాటికి ఇరుకు చేయును. ఒక్క శాసనము మీదనో, ఒక్క రసాయనము మీదనో అయిదేండ్లు వంగి కూర్చున్నవానికి ప్రక్కగదిలో ఏమి జరుగుచున్నదో తెలియదు. అట్టివానిని చేయిపట్టి వెలుపలికి తీసికొనిపోవునది ఏదైనను మంచిదే. పరభాషాభ్యాసము నిజముగా జరిగినచో అంతకంటె మంచిది మరియొకటి లేదు. చిక్కంతయు తుది వ్యాసముననే ఉన్నది. తనలో కలిగిన మార్పునకు తానే సాక్షి. 'నా దృష్టి విశాలమైనది' అని వ్రాసినవానిని కాదనుటకు ఏ పరీక్షకునికిని ఆధారము ఉండదు. ఎవరికి సేవ చేసినాడో వారినెవ్వరును పిలిచి అడుగరు.

యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఇచ్చట జ్ఞప్తికి రాదగినది. భీమవరమున 1895లో పుట్టి, మద్రాసున వైద్యము చదివిన సుబ్బారావుగారు 1923 అక్టోబరులో బోస్టను చేరిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, భగత్ సింగ్ థిండ్ అను భారతీయుని వ్యాజ్యమున, భారతీయులు ఆ దేశ పౌరులగుటకు అర్హులు కారని తీర్పు చెప్పియుండెను. 1946లో చట్టము మారువరకు ఆ తలుపు తెరువబడలేదు. విశ్వపౌరత్వము మాట దేవుడెరుగును, ఉన్న ఊరిలో పౌరత్వమునకే ఆయన నోచుకొనలేదు. ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా కుదిరి పొట్టపోసికొనుచు, హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిరి. 1930లో పిహెచ్.డి. పట్టమందిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారిరి. అచ్చట ఆయన ఆధ్వర్యమున వెలువడిన ఔషధములలో 1947 నాటి డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. మరుసటి సంవత్సరమే ఆయన గతించిరి.

ఆ పొడుగాటి పేరు పలుకలేనివారికి కూడ ఆ బిళ్ళ తెలియును. బోదకాలు వ్యాధి నివారణకై ఆరోగ్య కార్యకర్తలు తెలుగు పల్లెలలో ఇంటింటికి తిరిగి, వయస్సు అడిగి, ఎదుటనే మ్రింగించిన డి.ఇ.సి. బిళ్ళ అదియే. పసిఫిక్ దీవుల వారును దానిని వాడినవారే. మ్రింగినవారికి సుబ్బారావుగారి పేరు తెలియదు. వారి సాక్ష్యమునకు ఆయన ఆశపడనూలేదు. విదేశములకు పోవు విద్యార్థులకు మన బడులలో చెప్పవలసిన కథలలో ఇది మొదటిది. దురదృష్టవశమున దీనికి పాఠ్యపుస్తకములో దొరకు చోటు, దొరకినచోట్ల సైతము, ఒక పేరా.

రేపు మన విశ్వవిద్యాలయములు ఇట్టి పట్టాను పెట్టదలచినచో విమానపు టిక్కెట్టుతో పనిలేదు. ప్రతియేటను ఒడిశా నుండి కూలి కుటుంబములు తెలుగు జిల్లాల ఇటుక బట్టీలకు వచ్చి, వానలు మొదలగు వరకు ఉండును. పిల్లలు వెంట వత్తురు. ఊరి బడి దగ్గరనే ఉన్నను అందులో పాఠము తెలుగు. వారి యింటి మాట ఒడియా. ఎం.ఏ. చదువు విద్యార్థి యొకడు ఆరు మాసములు శ్రమపడి ఒడియా నేర్చి, ఆ పిల్లలలో నలుగురికి చదువనువ్రాయ నేర్పగలిగినచో, పట్టాకు వేరే వ్యాసమెందుకు? పరీక్షాధికారిగా పిల్లల తల్లిని పిలిపింపవచ్చును. బిడ్డ చదివినది విని ఆమె ఔననవలెను, లేదా కాదనవలెను. కాదన్నచో పట్టా ఇవ్వరాదు. ఔనన్నచో పత్రము మీద విశ్వవిద్యాలయాధ్యక్షుని సంతకము ప్రక్కన ఆమె సంతకము కూడ ఉండవలెను. వ్రాయనేర్వనిదైనచో వేలిముద్ర చాలును.