పిల్లలు తాకట్టు సరుకు కాదు

పెళ్లికి అడ్డురాని సరిహద్దు కాపురం చెడేసరికి గోడలా లేస్తోంది. గుంతకల్లు పిల్లను బళ్లారికి ఇస్తారు. కుప్పం నుంచి హోసూరుకు కోడలు వస్తుంది. బరంపురం వాళ్లు ఇచ్ఛాపురంతో వియ్యమందుతారు. మేనరికాలకూ కొదవ లేదు. పెళ్లిచూపుల నాడు ఏ రాష్ట్రమని ఎవరూ పట్టించుకోరు. ఆలుమగలు విడిపోయాక మాత్రం మొదట వినబడేది అదే. ‘‘మీ కోర్టు మా రాష్ట్రంలో చెల్లదు. యాడ చెప్పుకుంటావో చెప్పుకో పో’’ అంటాడు తండ్రి. ‘‘డబ్బు పంపనోడికి బిడ్డను చూపించేది లే’’ అని తల్లి పుట్టింటివారు తలుపేసుకుంటారు. మధ్యలో నలిగేది మూడో తరగతి చదివే పిల్ల.

ఈ రెండు మాటలూ తప్పే.

భరణానికి రాష్ట్రం హద్దు లేదు. అందరి నోటా నానిన ‘125 సెక్షన్’ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా మారింది. నంబరు మారినా హక్కు పోలేదు. పిల్లల విషయంలో మతంతో కూడా పని లేదు. భర్త ఉన్న జిల్లాలోనే కేసు వేయాలన్న నిబంధన లేదు. భార్య ఉంటున్న జిల్లాలోనూ వేయొచ్చు. అంటే గుంతకల్లులో పుట్టింట ఉన్న ఇల్లాలు బళ్లారి కోర్టు చుట్టూ కాళ్లరిగేలా తిరగక్కర్లేదు. ఇక్కడ వచ్చిన ఉత్తర్వును భర్త ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు అమలు చేయించొచ్చు. ఉత్తర్వు నకలుకు రుసుం కూడా లేదు.

మరి భయం ఎందుకు? చాలా ఇళ్లలో కథ కోర్టు దాకా పోదు. పెద్దమనుషుల పంచాయితీలోనే ముగుస్తుంది. స్టాంపు కాగితం మీద ఏకమొత్తంగా ఇంత అని రాసి, ‘ఇకమీదట ఏమీ అడగను’ అని ఆమె చేత సంతకం పెట్టిస్తారు. ఇద్దరు పిల్లలుంటే కొడుకు తండ్రికి, కూతురు తల్లికి అని పశువులను పంచినట్టు పంచేస్తారు. పెద్దల ఉద్దేశం తగువు తీర్చడమే కావచ్చు. కానీ పిల్లల కూడు, చదువు తల్లి వదులుకుంటే పోయే హక్కు కాదు. అలాంటి కాగితం ఉందని పిల్లల భరణాన్ని కోర్టు కాదనదు. పంచాయితీకి కూర్చునే పెద్దలు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

రెండో సాకు సంపాదన. జీన్సు యూనిట్‌లో కూలికి కుట్టేవాడు, లారీ తోలేవాడు, గనుల్లో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు ‘జీతం చీటీ లేదు’ అని చేతులెత్తేస్తారు. ఆ దారి కూడా మూసుకుపోయింది. రజనీశ్ - నేహ కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో అదే కోర్టు మరోసారి చెప్పింది. కేసు తేలేలోగా తాత్కాలిక భరణం అడగొచ్చు. ఆ దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, తేల్చాలని చట్టం చెబుతోంది. కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల వరకు జైలు. జైలుకు పోయొచ్చినా బాకీ రద్దు కాదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. బకాయి కోసం ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. ‘ఇస్తాడులే’ అని రెండేళ్లు ఊరుకుంటే పాత బాకీ ఈ దారిలో వసూలు కాదు.

అసలు చిక్కు భాష దగ్గర వస్తోంది. బళ్లారి నుంచి కన్నడంలో నోటీసు వస్తుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన ఆడపిల్ల దాన్ని మడిచి బీరువాలో పెడుతుంది. వాయిదా దాటిపోయి తీర్పు ఎక్స్‌పార్టీగా వచ్చేస్తుంది. అటు నుంచి ఇటు వచ్చే కాగితాలదీ అదే గతి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఆ లాయరు మాట ఆమెకు అర్థం కావాలి కదా. సరిహద్దు తాలూకాల న్యాయసేవా కమిటీల్లో రెండు భాషలూ తెలిసిన లాయరు ఒక్కరైనా ఉండాలి. నోటీసుతో పాటు తెలుగులో ఒక పేజీ సారాంశం జతచేస్తే పోయేదేముంది?

ఇక రెండో మాట. తండ్రి డబ్బు పంపకపోతే తప్పు తండ్రిది. దానికి పిల్లను చూపించకపోవడం మందు కాదు. నెలనెలా పంపుతూ, పండక్కి బట్టలు పట్టుకొచ్చి గడప బయటి నుంచే వెనక్కిపోయే తండ్రులూ ఉన్నారు. చూపించలేదని డబ్బు ఆపడమూ అంతే తప్పు. భరణం వేరు, చూపు వేరు. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. ఏ వయసులోనైనా కోర్టుకు ముఖ్యం బిడ్డ మేలే. బడి దగ్గర కాపుకాసి పిల్లాణ్ని రాత్రికి రాత్రి రాష్ట్రం దాటిస్తే కేసు తమ ఊరికి మారిపోతుందనుకోవడం అపోహ. బిడ్డ మామూలుగా ఎక్కడ పెరుగుతున్నాడో ఆ ఊరి కోర్టుదే విచారణ.

చదువు సంగతీ అంతే. కన్నడ బడి నుంచి తెలుగు బడికి మారాల్సి వస్తే, అవతలివారు టీసీ ఆపించారని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టొద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే కుదరదు.

మేనరికంలో అమ్మకు మేనత్తే బిడ్డకు నాయనమ్మ. ఆలుమగల బంధం తెగినా ఆ చుట్టరికం తెగదు. రెండో శనివారం గుంతకల్లులో రైలెక్కిన పిల్ల బళ్లారిలో నాయనమ్మ చేతి ముద్ద తిని ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆ ప్రయాణానికీ, నెల భరణానికీ ముడిపెట్టకుండా ఉంటే చాలు. పెద్దలు పంచాయితీలో రాయించాల్సిన మొదటి షరతు ఇదే.