వోల్టేజీ పెంచే ముందు

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు కంప్యూటర్ ప్రియుల పంట పండింది. మదర్‌బోర్డులో బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 వద్ద పరుగెత్తేది. చాలావాటికి వోల్టేజీ పెంచాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. కంపెనీలే చిప్‌ను దాదాపు దాని అంచుదాకా నడిపి అమ్ముతున్నాయి. ఆపై ఎక్కే ప్రతి మెట్టుకూ అది మరింత వోల్టేజీ అడుగుతుంది. విద్యుత్ ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.20 వోల్టులను 1.32 చేస్తే, అంటే పది శాతం పెంచితే, అదే వేగం మీద కూడా వేడి సుమారు 21 శాతం ఎక్కువవుతుంది. అలాగని వోల్టేజీని మరీ తగ్గిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా అంతకన్నా ప్రమాదంగా, ఎవరి కంటా పడని తప్పుడు లెక్క వస్తుంది.

2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఓవర్‌క్లాక్ చేయకుండానే తడబడ్డాయి. అవసరానికి మించిన వోల్టేజీ వాటిని అరగదీస్తోందని తేలింది. ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్, ప్రాసెసర్ 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది. కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది.

అందుకే ఈ సంచిక ముఖచిత్ర కథనం వేగం రికార్డుల జోలికి పోలేదు. వోల్టేజీని కొద్దికొద్దిగా మార్చడం, ప్రైమ్95తో గంటల తరబడి పరీక్షించడం, ఉష్ణోగ్రతలు రాసిపెట్టుకోవడం ఎలాగో అంచెలంచెలుగా వివరిస్తుంది. కొత్తగా బయోస్ తెరిచే పాఠకులు ముందుగా మైక్రోకోడ్ అప్‌డేట్ భాగం చదవాలని సంపాదకవర్గం కోరుతోంది.