నాలుగో నెల దాటకముందే

చుట్ట పేరెత్తగానే తెలుగువాళ్లకు గిరీశం గుర్తొస్తాడు. శిష్యుడు వెంకటేశానికి ఇంగ్లీషు ఏపాటి నేర్పాడో గానీ చుట్ట కాల్చడం మాత్రం శ్రద్ధగా నేర్పాడు. 'కన్యాశుల్కం'లో ఆ చుట్ట మగవాడి సరదా. అదే విజయనగరంలో బస్సెక్కి సముద్రం వైపు వెళితే, చుట్ట ఆడవాళ్ల నోట్లోనూ కనిపిస్తుంది. సరిగ్గా చెప్పాలంటే సగమే కనిపిస్తుంది. నిప్పున్న కొస నోటి లోపల ఉంటుంది మరి!

దాని పేరు అడ్డపొగ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల్లో తరతరాలుగా ఉన్న అలవాటు. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదు. బూడిద మీద రాలదు. నెత్తిన చేపల తట్ట ఉన్నా, రెండు చేతులకూ పని ఉన్నా ఇబ్బంది లేదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పంటి నొప్పి తగ్గుతుందని మొదలుపెట్టినవాళ్లున్నారు. అమ్మకో అమ్మమ్మకో చుట్ట వెలిగించి ఇవ్వబోయి, ఒక దమ్ము లాగి, అలాగే కొనసాగినవాళ్లూ ఉన్నారు.

ఈ అలవాటు ఎంత విస్తారంగా ఉండేదో చెప్పే లెక్క ఒకటుంది. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా, గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించారు. వందకు దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారే! అయితే వాళ్లు చూసింది అంగిలిని. మిగతాచోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎందుకొస్తోందన్నది వాళ్ల ప్రశ్న. అప్పట్నుంచీ అడ్డపొగ అనగానే డాక్టర్లకు గుర్తొచ్చేది అంగిలే. అదే పొగ పీలుస్తూ నెల తప్పిన ఆడమనిషి సంగతి మాత్రం వెనక్కి పోయింది.

ఇప్పటి పడుచు పిల్లల్లో అడ్డపొగ బాగా తగ్గింది. తాగేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. ఇక బెంగెందుకు అనిపిస్తుంది. కానీ ఒక ఇంటిని ఊహించుకోండి. భీమిలి దాటాక తీరం వెంట ఏ పల్లెలోనైనా ఉండగల ఇల్లు అది. ఒకే గది, ముందు చిన్న వసారా. అత్తకు రోజుకు మూడు చుట్టలు. కొడుకు వేటకెళ్లని రోజున బీడీ మీద బీడీ. కోడలికి ఇరవై ఒక్కేళ్లు, మూడో నెల. పదిహేనేళ్లప్పట్నుంచి పొద్దునొకటి, రాత్రొకటి తాగుతుంది, ఎవరూ చూడకుండా. తొలిచూలు ఎనిమిదో నెలలోనే కాన్పయి బిడ్డ దక్కలేదు. ఎందుకలా జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. దిష్టి అన్నారు, రాత అన్నారు. ఈసారి చుట్ట మానేస్తానని ఆమె గొణిగితే అత్త నవ్వి పారేసింది.

"నాను నలుగుర్ని కన్నాను. ఏ కడుపుకీ సుట్ట మాననేదు. నా పిల్లలకేటైంది?"

దీనికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఆ నలుగురూ ఎదురుగా ఉన్నారు, ఒకడు పడవ కూడా నడుపుతున్నాడు. లేనివాళ్లు లెక్కలోకి రారు కదా! నాలుగో నెలలో జారిపోయింది, పుట్టి మూడు రోజులే ఉన్నది... వాటిని ఏ అత్తా వేళ్ల మీద లెక్కపెట్టదు. పొగ తాగిన ప్రతి తల్లికీ బిడ్డ పోతుందని ఏ డాక్టరూ అనడు. పోయే ప్రమాదం పెరుగుతుందంటాడు. ఎవరి వంతు వస్తుందో ముందే తెలియదు, చిక్కంతా అక్కడే.

ఇంతకీ పొగ బిడ్డ దాకా ఎలా వెళుతుంది? తల్లి ఊపిరితిత్తులకూ కడుపులోని బిడ్డకూ మధ్య ఉన్న దారి రక్తమే. ఆ రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మూటలు మోసే కూలీలాంటిది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కనిపిస్తే ఆ కూలీ ఆక్సిజన్‌ని వదిలేసి దాన్నే పట్టుకుంటుంది. దానితో అతుక్కునే బలం ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైమాటే. పట్టుకున్నది ఓ పట్టాన వదలదు. పైగా ఈ వాయువు తల్లి రక్తంలో కన్నా బిడ్డ రక్తంలోనే ఎక్కువగా పేరుకుంటుంది. మన దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో వందకు 52 మందికి రక్తహీనత ఉంది. అంటే అసలే కూలీలు తక్కువ, ఉన్నవాళ్లను పొగ ఎత్తుకుపోతోంది!

రెండోది నికోటిన్. ఇది రక్తనాళాలను బిగిస్తుంది. మాయకు వచ్చే రక్తం తగ్గుతుంది. బిడ్డకు తిండీ గాలీ అందేది ఆ మాయ నుంచే కాబట్టి ఎదుగుదల కుంటుపడుతుంది. నెలలు నిండకుండా కాన్పు రావడం, మాయ ముందే విడిపోయి రక్తస్రావం కావడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం... పొగ తాగే తల్లుల్లో ఇవన్నీ ఎక్కువ. "పొగ మింగం, నోట్లోనే ఉంచి వదిలేస్తాం" అనేవాళ్లుంటారు. సిగరెట్ సంగతెలా ఉన్నా, చుట్ట పొగకున్న క్షారగుణం వల్ల నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి దిగిపోతుంది. మింగినా మింగకపోయినా చేరాల్సిన చోటికి చేరుతుంది.

ఇదంతా కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. పొగ తాగే తల్లులకు నెలలు నిండని పిల్లలు ఎక్కువగా పుడుతున్నారని కాలిఫోర్నియాలో సింప్సన్ అనే పరిశోధకుడు 1957లోనే రాశాడు. ఆ తర్వాత ఏడాదే, 1958 మార్చిలో ఒక వారం పాటు బ్రిటన్‌లో పుట్టిన దాదాపు 17 వేల మంది పిల్లల వివరాలు సేకరించారు. పొగ తాగే తల్లుల బిడ్డలు సగటున 200 గ్రాముల దాకా తక్కువ బరువుతో పుడతారని ఇలాంటి అధ్యయనాలన్నీ చెబుతూ వచ్చాయి. మూడు కిలోలుండే బిడ్డకు 200 గ్రాములు ఒక లెక్కా అనిపించవచ్చు. రెండున్నర కిలోల గీత దగ్గర ఊగిసలాడే బిడ్డకు మాత్రం అది పెద్ద లెక్కే.

ఆ బ్రిటన్ వివరాల్లోనే ఒక మంచి కబురుంది. బట్లర్, గోల్డ్‌స్టీన్, రాస్ అనే ముగ్గురు వాటిని తిరగేసి 1972లో ప్రచురించారు. నాలుగో నెల ముగిసేలోగా పొగ మానేసిన తల్లుల బిడ్డలు, అసలు పొగ తాగని తల్లుల బిడ్డలతో దాదాపు సమానంగా ఉన్నారు! అంటే, నెల తప్పిన సంగతి తెలియక మొదటి రెండు నెలలూ తాగేశాం, ఇక మానినా ఒకటే అనుకోనక్కర్లేదు. నాలుగు నెలలు దాటిపోయినా సరే, మానిన రోజు నుంచి ఎంతో కొంత మేలు ఉంటుంది. రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు దిగిపోతుంది. అవి సిగరెట్ తాగిన తల్లుల లెక్కలే, నిజమే. చుట్టలో ఉన్నదీ అదే నికోటిన్, అదే వాయువు.

మరి ఆ మూడో నెల కోడలికి ఈ మాట చెప్పేదెవరు? నర్సమ్మ నెలనెలా వస్తుంది. బరువు చూస్తుంది, బీపీ చూస్తుంది, ఐరన్ మాత్రలు ఇస్తుంది. పొగ సంగతి అడిగితే... "నువ్వు పొగ తాగవు కదమ్మా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. "నేదమ్మా" అంటుంది కోడలు. వసారాలో అత్త ఉంది, పక్కింటివాళ్లు నిలబడి వింటున్నారు, ఇంకేమంటుంది? గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడూ, ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ పొగాకు గురించి అడగాలనీ, ఇంట్లో వేరేవాళ్ల పొగ గురించి కూడా అడగాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అడిగే తీరు మార్చుకుంటే సగం పని అవుతుంది. "ఇంట్లో చుట్ట ఎవరెవరు తాగుతారు? రోజుకెన్ని? నువ్వు ఎప్పుడు మొదలుపెట్టావు, ఇప్పుడెన్ని?" తప్పు పట్టే గొంతుతో కాకుండా, అత్త నీళ్లకు వెళ్లినప్పుడు, ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అడగాలి. హైదరాబాద్ ఫ్లాట్లలో సిగరెట్ తాగే చదువుకున్న అమ్మాయి కూడా డాక్టరమ్మ దగ్గర లేదనే చెబుతుంది. అక్కడ భయం పక్కనే కూర్చున్న అమ్మదీ, అత్తగారిదీ.

పల్లెల్లో వాళ్లకు చెప్పినా మానరు అన్నది చదువుకున్నవాళ్లు తరచుగా అనే మాట. అది నిజం కాదని తేల్చినదీ ఆ శ్రీకాకుళమే. కేరళ, గుజరాత్‌లలో ఒక్కో జిల్లాతో పాటు శ్రీకాకుళంలోనూ పొగాకు వాడే వేలమందిని ఏళ్ల తరబడి కలిసి, మానమని చెప్పి చూశారు. చెప్పినచోట మానేసినవారి సంఖ్య పెరిగింది. ఆ వివరాలు 1986లో వెలువడ్డాయి.

మానడం ఎలా? తగ్గిస్తూ వస్తానంటే వినడానికి బాగానే ఉంటుంది. రెండు చుట్టలు ఒకటైతే ఆ ఒక్కదాన్నీ గట్టిగా, చివరిదాకా లాగుతారు. లోపలికి వెళ్లేది పెద్దగా తగ్గదు. ఒక్కసారిగా మానేస్తే కడుపులో బిడ్డ తట్టుకోలేదని కొందరు భయపెడతారు. అందులో నిజం లేదు, ఒక్కసారిగా మానడమే బిడ్డకు మంచిది. తట్టుకోవాల్సింది తల్లే. మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. గర్భిణి ఒంట్లో నికోటిన్ మామూలు కన్నా త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి యావ కూడా త్వరత్వరగా వస్తుంది. అది ఆమె మనసు బలహీనత కాదని ఇంట్లోవాళ్లు తెలుసుకుంటే చాలు. మూడు నాలుగు వారాలు గడిస్తే చాలావరకు సర్దుకుంటుంది. యావ వచ్చినప్పుడు నోట్లో నాలుగు వేయించిన శనగలో, చిటికెడు సోంపో వేసుకుని, కాసేపు లేచి తిరిగితే అది దాటిపోతుంది.

వక్క మాత్రం వద్దు. క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో వక్క కూడా ఉంది. చుట్ట బదులు ఖైనీ, గుట్కా అనే తెలివి అసలే వద్దు. శ్రీకాకుళం సర్వేలో పాల్గొన్న ఆ గుప్తాయే ముంబయిలో 1,217 మంది గర్భిణులను గమనించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. పొగ లేని పొగాకు వాడిన తల్లుల బిడ్డల బరువు సగటున 105 గ్రాములు తగ్గింది. పొగ లేకపోయినా నికోటిన్ ఉంది కదా! నికోటిన్ బిళ్లలు, పట్టీల విషయంలో సొంత వైద్యం పనికిరాదు, డాక్టరును అడగాల్సిందే. మాట సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2016లో పెట్టిన ఉచిత ఫోన్ నంబరు ఉంది, 1800-11-2356. సిగరెట్ పెట్టెల మీద అచ్చేస్తారు. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె ఏది, దాని మీద నంబరు ఏది?

ఇంకొక మాట మగవాళ్లతో. కిటికీ తెరిచి బీడీ కాలిస్తే పొగ బయటికి పోతుందనుకోవడం భ్రమ. ఒక గది ఇంట్లో పక్కవాళ్ల పొగ కూడా తల్లి రక్తంలోకే వెళుతుంది. అంతకు మించిన ఇబ్బంది ఇంకొకటి. మానేసిన మనిషి ముందు పొద్దస్తమానం పొగ వాసన ఆడుతుంటే ఎన్నాళ్లు ఆగుతుంది? కడుపుతో ఉన్నప్పుడు మానేసి, పురుడు పోసుకున్నాక మళ్లీ మొదలుపెట్టే తల్లులు అన్ని దేశాల్లోనూ చాలామందే. బిడ్డ బయటికొచ్చేసింది కదా అనుకుంటారు. నికోటిన్ పాలలోకీ వస్తుంది. పొగ నిండిన గదిలో పడుకున్న పసిబిడ్డ నిద్రలోనే చనిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

మళ్లీ ఆ ఇంటికే వద్దాం. కోడలికి చుట్ట కన్నా కష్టమైనది అత్త చుట్ట. రోజుకు మూడుసార్లు "ఒలే, నిప్పు తేవే" అని కేక వినిపిస్తుంది. పొయ్యిలోంచి నిప్పు తీయాలి, అంటించాలి, ఆరకుండా ఒక దమ్ము లాగి ఇవ్వాలి. ఆ ఒక్క దమ్ముతో మొత్తం మొదటికొస్తుంది. మూడో నెల చివర్లో నర్సమ్మ వచ్చినప్పుడు మాట్లాడింది కోడలితో కాదు, అత్తతో. మానమని అడగలేదు. తొలిచూలు బిడ్డ ఎంత బరువుందో గుర్తుందా అని అడిగింది. అత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు అరచేతులూ దగ్గరికి పెట్టి చూపించింది, ఇంత అని.

చుట్ట ఆవిడ మానలేదు. సాయంత్రం కాగానే గడప దాటి, రెండిళ్ల అవతల వలలు ఆరేసేచోటికి వెళ్లి కూర్చుంటోంది. నిప్పు కోసం కేకెయ్యడం లేదు. అగ్గిపెట్టె కొంగున కట్టుకుంది.