రెండు కళ్ళు - ఒక చూపు



ఈ నెల మన శీర్షికలో వ్రాస్తున్న సంగతి మా ఇంట్లో జరిగినదే. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దాచిపెట్టి నీతులు చెప్పడం కంటె, ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవడమే మంచిదనుకొంటున్నాను.

మా రెండో అమ్మాయికి పన్నెండేళ్ళు. బరంపురంలోనే చదువు. పగలు బడిలో ఒరియా, సాయంత్రం వాళ్ళ నాయనమ్మ దగ్గర తెలుగు. ఆటపాటల్లో మహా చురుకు. పుస్తకం పట్టుకొంటే మాత్రం పావుగంటకల్లా నుదురు రుద్దుకోవడం, తలనొప్పి అనడం. "నాన్నా, అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి" అనేది. బడిలో కళ్ళ పరీక్ష జరిగినప్పుడు గోడమీది అట్టలో చివరి వరుసదాకా గడగడ చదివేసింది. ఇక నాకు సందేహమేమున్నది? "కళ్ళు భేషుగ్గా ఉన్నాయట. చదువు ఎగ్గొట్టడానికి ఇవన్నీ వేషాలు" అని కేకలు వేశాను. ఒకనాడు చెయ్యి చేసుకొన్నాను కూడా.

చివరికి మా అమ్మే కనిపెట్టింది. "ఒరే, దీన్ని సూదిలో దారం ఎక్కించమంటే ఒక కన్ను మూసుకొని ఎక్కిస్తోందిరా. రెండు కళ్ళూ తెరిస్తే రెండు సూదులు కనబడుతున్నాయట. చదువుకి వేషం వేస్తుంది గాని, సూదికి వేషమెందుకు వేస్తుంది? డాక్టరుకి చూపించు" అన్నది. 

కంటి డాక్టరుగారు పెద్ద యంత్రాలేమీ బయటికి తీయలేదు. ఒక పెన్సిలు మొన చూపించి, మెల్లమెల్లగా అమ్మాయి ముక్కు దగ్గరకు తెచ్చారు. ఇంకా జానెడు దూరంలో ఉండగానే కుడికన్ను పట్టు వదిలి బయటివైపుకు జారిపోయింది. నా కళ్ళతో నేనే చూశాను. "బాబూ, ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదు" అన్నారాయన. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకొంటూనే ఉన్నది.

ఇంతకూ దూరాన ఉన్న అక్షరాలను అంత చక్కగా చదివిన పిల్లకు చేతిలోని పుస్తకం ఎందుకు లొంగలేదు? ఆ రహస్యం తెలియవలెనంటే కన్ను ఎట్లా తిరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి.

ఒక్కొక్క కనుగుడ్డును ఆరేసి కండరాలు తిప్పుతవి. అందులో మనకిప్పుడు రెండు చాలును. ఒకటి కన్నును ముక్కువైపుకు లాగేది, రెండవది కణతవైపుకు లాగేది. మెదడునుంచి బయలుదేరే పన్నెండు జతల నరాలలో మూడవ జత ముక్కువైపు కండరాలను నడిపిస్తుంది. ఆరవ జత కణతవైపు కండరాలను నడిపిస్తుంది. ఒకటి లాగేటప్పుడు రెండవది పట్టు సడలించాలి. లేకపోతే కన్ను కదలదు. ఇట్లా ఎదురు కండరాలు ఒకదానికొకటి సందిచ్చుకొనే పద్ధతిని విశదం చేసినవాడు చార్లెస్ షెరింగ్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. నరాల పనిని గురించి చేసిన పరిశోధనకు 1932లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకడు.

మనం కుడివైపుకు చూశామనుకోండి. కుడికంటిని కణతవైపు కండరం లాగాలి, ఎడమకంటిని ముక్కువైపు కండరం లాగాలి. ఒకే కాడి కింద కట్టిన జోడెద్దులు ఒకేసారి మలుపు తిరిగినట్లు రెండు కళ్ళూ కలిసి తిరుగుతవి. ఇందుకు మెదడులో మంచి ఏర్పాటున్నది. ఆజ్ఞ మొదట కుడిపక్కనున్న ఆరవ నరపు కేంద్రానికి చేరుతుంది. అక్కడినుంచి కొన్ని నరపు పోగులు తమ పక్క కణతవైపు కండరానికి పోతవి. మరికొన్ని అవతలి పక్కకు దాటి, పైకి ఎక్కి, మూడవ నరపు కేంద్రానికి ఆ కబురే అందిస్తవి. దానితో ఎడమకన్ను కూడా కదులుతుంది. రెండు కళ్ళకూ సమానమైన ఆజ్ఞే అందుతుందని జర్మనీకి చెందిన హెరింగ్ 1868లోనే వ్రాసినాడు.

పుస్తకం చదవడానికి ఈ ఒక్క ఏర్పాటు సరిపోదు. దగ్గరి వస్తువును చూడాలంటే రెండు కళ్ళూ ఒకదానివైపొకటి, అనగా ముక్కువైపుకు తిరగాలి. ఎద్దులు రెండూ ఒకే దిక్కుకు కాక ఎదురెదురుగా మొగం తిప్పినట్లన్నమాట. ఎంత తిరగాలో లెక్క చూడండి. రెండు కంటిపాపల నడుమ ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. 6 మీటర్ల దూరంలోని అట్టను చూడడానికి రెండు కళ్ళ చూపుల మధ్య కోణం అర డిగ్రీ పైచిలుకు, అంతే. 30 సెంటీమీటర్లలో పట్టుకొన్న పుస్తకానికి 11 డిగ్రీలు. 10 సెంటీమీటర్లలోని సూదిబెజ్జానికి 33 డిగ్రీలు. బడిలో గోడమీది అట్ట మా అమ్మాయిని ఎందుకు పట్టివ్వలేదో ఇప్పుడు తెలిసింది గదా!

ఈ దగ్గరి చూపు ఆజ్ఞ వేరే చోటునుంచి వస్తుంది. మధ్య మెదడులో, మూడవ నరపు కేంద్రానికి ఆనుకొని కొన్ని ప్రత్యేక కణాలున్నవి. కళ్ళు ఎంతగా దగ్గరికి కలుస్తవో అంత ఎక్కువగా ఆ కణాలు సంకేతాలు పంపుతవి. లారెన్స్ మేస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో వీటి తీరును పరిశీలించి 1984లో ప్రకటించినాడు. రెండు కళ్ళలో పడే బొమ్మలకు నడుమనున్న తేడాను మెదడు వెనుకభాగం కొలుస్తుంది. బొమ్మ మసకబారినా ఆ కబురు పోతుంది. సెకనులో ఆరవవంతు కాలంలో కళ్ళు కదలడం మొదలుపెడతవి. ముక్కువైపు కండరాలు రెండూ లాగుతవి, కణతవైపువి రెండూ సడలుతవి. అదే సమయంలో కంటిలోని కటకం ఉబ్బుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఈ మూడు పనులూ జతగా సాగుతవి.

గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక నాకు తోచిన పోలిక చెబుతాను. ముక్కువైపు కండరం ఇద్దరు అధికారుల కింద పనిచేసే గుమాస్తా. పక్కకు చూడమనే అధికారి వేరు, దగ్గరికి చూడమనే అధికారి వేరు. కాగితాలు వేర్వేరు దారుల్లో వస్తవి, సంతకం పెట్టేది ఒకడే. ఇందుకు నిదర్శనం రోగులలోనే ఉన్నది. ఆరవ కేంద్రంనుంచి మూడవ కేంద్రానికి పోయే దారి దెబ్బతిన్నవారిలో, పక్కకు చూడమంటే కన్ను ముక్కువైపుకు రాదు. దగ్గర పెన్సిలు చూపిస్తే మాత్రం ఆ కన్నే చాలామందిలో చక్కగా వస్తుంది. గుమాస్తా బాగానే ఉన్నాడు, ఒక దారిలో టపా అందడం లేదు. అంతే తేడా.

మా అమ్మాయిది ఇందుకు తలక్రిందుల వ్యవహారం. కుడి ఎడమలకు కళ్ళు చక్కగా తిరుగుతున్నవి. దూరపు చూపు నిక్షేపంగా ఉన్నది. దగ్గరికి కలిపే శక్తి ఒక్కటే చాలడం లేదు. డాక్టర్లు దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియన్సీ అంటారు. మనం చూపు కలయిక లోపం అనుకోవచ్చును.

దీనికి వైద్యమున్నది. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందితో 12 వారాలు పరీక్ష జరిపి 2008లో ఫలితాలు ప్రకటించినారు. వారం వారం ఆస్పత్రిలో శిక్షణ, దానికితోడు ఇంటివద్ద అభ్యాసం చేసినవారిలో నూటికి 73 మందికి గుణం కనిపించింది. ఇంటివద్ద పెన్సిలుతో మాత్రమే అభ్యాసం చేసినవారిలో 43 మందికి. ఉత్తుత్తి శిక్షణ పొందినవారిలోనే 35 మందికి! కనుక పెన్సిలు ఒక్కదాన్నే నమ్ముకొని ఇంట్లో కూర్చోవద్దు. ఇంకొక మాట కూడా దాచకూడదు. 311 మంది పిల్లలతో జరిపి 2019లో వెలువరించిన మరొక పరీక్షలో, శిక్షణవల్ల కళ్ళ కలయిక బాగుపడింది గాని, చదివి గ్రహించే శక్తి ఉత్తుత్తి శిక్షణ పొందిన పిల్లలకంటె ఎక్కువగా పెరగలేదు. వైద్యం కళ్ళకే, చదువు చెప్పుకోవలసింది మనమే.

మేమూ వారానికొకసారి ఆస్పత్రికి తిరిగినాము. మూడు నెలలకు పెన్సిలు ముక్కుకు మూడు నాలుగు వేళ్ళ దూరందాకా వచ్చినా ఒకటిగానే కనబడుతున్నది. మార్కులు అమాంతం పెరిగిపోలేదు. తలనొప్పి మాత్రం పోయింది. సాయంత్రం నాయనమ్మకు అరగంటసేపు తెలుగు కథ చదివి వినిపిస్తున్నది.

తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలు చదివేటప్పుడు ఒక కన్ను మూసినా, వరుసలు తప్పినా, అక్షరాలు జంటగా కనబడుతున్నవని చెప్పినా, దూరపు అట్ట చదివినారని ఊరుకోకండి. దగ్గరి చూపు కూడా పరీక్షించమని డాక్టరును అడగండి. పెద్దవారికి హఠాత్తుగా ఒకటి రెండుగా కనబడినా, కంటిరెప్ప వాలిపోయినా, అది వేరే ప్రమాదం కావచ్చును. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

ఆనాడు ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చే దారిలో మా అమ్మాయితో, "తప్పు నాదేనమ్మా" అన్నాను. అది నా చెయ్యి పట్టుకొని, "నాయనమ్మ ముందే చెప్పింది గదా నాన్నా" అన్నది. అంతకన్న శిక్ష ఇంకేమి కావాలి?