ఎండిన తోట కట్టెతో కలాలు

కరవు సీమలో చీనీ చెట్టు ఎండిపోతే దానికి వంటచెరకు ధర తప్ప మరో ధర లేదు. బోర్లు అడుగంటిన ఏళ్ళలో ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులు బిడ్డల్లా సాకిన తోటలను నరికి కట్టెల కింద అమ్ముకున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ నేలలో ఇది ఒకసారి జరిగి ముగిసిపోయిన ముచ్చట కాదు. అయితే ఆ కట్టె పొయ్యికి తప్ప మరెందుకూ పనికిరాదా అన్నది ఆలోచించవలసిన విషయం. చీనీ కట్టె గట్టిది, నునుపు తేలేది. ముదురు చింత చేవ ఊదా చాయతో నల్లబారి ఉంటుంది. రెండూ కలాల తయారీకి తగినవే.

కట్టెతో కలమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. అమెరికా, ఇంగ్లండు దేశాల్లో ఎందరో ఉద్యోగులు, పింఛనుదారులు చిన్న లేతు మిషన్ పెట్టుకుని సెలవు రోజుల్లో కట్టె కలాలు చేస్తున్నారు. వారికది సరదా. చేతితో కలం చేయడం తెలుగువారికీ కొత్త కాదు. రాజమండ్రిలో కె.వి. రత్నం 1932లో ఫౌంటెన్ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. రబ్బరుకు గంధకం కలిపి గట్టిపరచిన ఎబొనైటు కడ్డీని లేతుపై పట్టి, చేతితోనే కలం తీర్చేవారు. విదేశీ కలాలకు బదులు వాడదగినదని మెచ్చుకుంటూ 1935 జూలై 16న గాంధీజీ ఆయనకు లేఖ రాశారు. ఆ కలాలు నేటికీ తయారవుతున్నాయి.

కట్టె కలం పని కూడా దాదాపు అలాంటిదే. జానెడు పొడవు, ముప్పాతిక అంగుళం మందం ఉన్న ముక్క చాలు. దాన్ని నీడలో నెలల తరబడి ఆరబెట్టాలి. పచ్చిదనం మిగిలితే తర్వాత పగులుతుంది. కొనలకు మైనం పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. ఆరిన ముక్కకు నిలువునా బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం అతికించి, లేతుపై తిప్పుతూ ఉలితో చెక్కాలి. గరుకు కాగితంతో రుద్ది నూనె గానీ లక్క గానీ పట్టించాలి. పాళీ, రీఫిల్, క్లిప్పు మాత్రం బయట కొనవలసిందే.

ఈ పనికి మన పల్లెల్లో చేతులు లేవా? మడకలు, గొర్రులు, గుంటకలు, బండిచక్రాలు చేసిన వడ్రంగులు ట్రాక్టర్లు వచ్చాక పని పోగొట్టుకున్నారు. తలుపులు, కిటికీలు కూడా ఇనుము, ప్లాస్టిక్ పాలైనాయి. కొడుకులు బెంగుళూరు దారి పట్టారు. కులవృత్తి తండ్రితోనే ఆగిపోతున్నది.

వస్తువు మారితే వృత్తి నిలుస్తుందనడానికి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటే సాక్ష్యం. తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గినా, అక్కడి కళాకారులు అదే తోలుపై అదే చిత్రవిద్యతో దీపాల గుమ్మటాలు చేసి బతుకుతెరువు నిలుపుకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎండిన నేల నుంచి వచ్చిన ఆ గౌరవం జిల్లాకంతటికీ గర్వకారణం.

కలాలతో కరవు తీరిపోతుందని ఎవరూ అనరు. ఐదు రూపాయల పెన్ను అంగట్లో దొరుకుతుండగా పల్లెలో కట్టె కలం కొనేవారు అరుదు. కొనేవారు బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉన్నారు. వారిని చేరే దారి వడ్రంగి ఒక్కడూ వేసుకోలేడు. పైగా కలాల పేరుతో పచ్చని చెట్టుపై గొడ్డలి పడరాదు. ఎర్రచందనం జోలికి అసలే పోరాదు. ఎండిన తోటల కట్టే చాలినంత ఉన్నది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, రెండు విడతలుగా 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం ఆ పథకంలో చెప్పారు. శిక్షణలో లేతుపై చిన్న వస్తువుల పని కూడా నేర్పాలి. ఐ.టి.ఐ.ల్లోని మిషన్లపై ఊరి వడ్రంగులకు కొన్నాళ్ళు అవకాశమివ్వాలి. మన లేపాక్షి పేరే పెట్టుకున్న ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లో ఈ కలాలకు ఒక అర కేటాయించాలి.

అన్నిటికన్న సులువైనది మరొకటి ఉన్నది. పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో, మండల సభల్లో అతిథికి శాలువా, ప్లాస్టిక్ జ్ఞాపిక ఇవ్వడం ఆనవాయితీ. ఆ జ్ఞాపికకు బదులు చీనీ కట్టె కలం ఇవ్వవచ్చు. పదవీ విరమణ చేసే ఉపాధ్యాయునికి, పదో తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకున్న బిడ్డకు అంతకన్న తగిన కానుక ఏమున్నది? ఖర్చు ఎలాగూ పెడుతున్నారు. అది మన వడ్రంగి చేతికి చేరేలా చూడటం సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే అయ్యే పని. ఈ విద్యాసంవత్సరంలోనే ఏదో ఒక మండలం దీనికి నాంది పలకాలి.