ప్రజల సొమ్ము, పరిశోధన: జెనీవా వారి యుదాహరణము

1953 వ సంవత్సరము జూన్ నెలలో స్విట్జర్లండు దేశమందలి జెనీవా సంస్థానపు ప్రజలు ఒక వింత విషయమును గూర్చి ఓటు వేసిరి. యూరపు రాజ్యములు కొన్ని కలిసి, పరమాణుగర్భమును శోధించు పెద్ద ప్రయోగశాల నొకదానిని తమ పొలిమేరలో కట్టుట తగునా తగదా యనునదియే ఆ విషయము. హిరోషిమా నాశనమై అప్పటికి ఎనిమిదేండ్లే. పరమాణు వను మాట చెవి బడినంతనే జనులకు బాంబు తలపునకు వచ్చు కాలమది. యుద్ధములకు దూరముగ నుండు మనదేశమున కీ గొడవ యేల యని కొందఱు గట్టిగ వాదించిరి. తుదకు ఓట్లు లెక్కింపగా అనుకూలురు 16,539 మంది, ప్రతికూలురు 7,332 మంది. మఱుసటి యేడు మే నెలలో నేల త్రవ్వ నారంభించిరి. ఆ ఓటులో స్త్రీలకు పాలు లేదు. ఆ సంస్థానమున వారికి ఓటు 1960 లో గాని రాలేదు. అట్టిచోటనే 2016 లో ఫబియోలా జానొట్టి యను ఇటలీదేశపు విదుషీమణి ఆ ప్రయోగశాలకు ప్రధానాధికారిణి యయ్యెనని మా బాలికలు గమనింతురు గాక.

ఈ కథ నేల యెత్తుకొంటిమో చెప్పెదము. కూలివాడు కొనెడి అగ్గిపెట్టెమీద సయితము పన్నున్నది. ఆ పన్నుతో కంటి కగపడని కణములను వేటాడుట న్యాయమా యని తల్లిదండ్రులు కొందఱు మమ్మడుగుచుందురు. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వెచ్చింపవచ్చుననియే మా యభిప్రాయము. అయితే ఇచ్చువానికి సంగతి చెప్పి తీసికొనవలెను. వచ్చిన ఫలమును దాచరాదు. యూరపువారు ఈ రెండింటిలో ఎంత నిలిచిరో చూతము.

రెండవ మహాయుద్ధమునకు ముందు యూరపులోని శాస్త్రజ్ఞు లనేకులు ఇల్లువాకిళ్లు విడిచి పోయిరి. ఐన్‌స్టీను 1933 లో అమెరికా చేరెను. ఫెర్మి 1938 లో నోబెల్ బహుమానము నందుకొనుటకు స్టాక్‌హోమునకు వెళ్లి, మఱి యింటికి మరలక అమెరికాకే తరలెను. యుద్ధానంతరము పెద్ద యంత్రములు కట్టగల శక్తి అచట ఏ యొక్క రాజ్యమునకును లేకపోయెను. 1949 లో లోజాన్ నగరపు సభకు ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు లూయీ ద బ్రోయ్ పంపిన సందేశమున, రాజ్యములు కలిసి ఒక ప్రయోగశాలను స్థాపింపవలెనను సూచన యుండెను. 1950 లో ఫ్లారెన్సున జరిగిన యునెస్కో సభలో దీనికై తీర్మానమును తెచ్చినవాడు అమెరికా ప్రతినిధి రాబీ. పొరుగువాడు వచ్చి, మీరు కలిసి పనిచేయుడని చెప్పవలసివచ్చుట యూరపువారికి కొంత సిగ్గుగనే యుండియుండును! ఎట్లైననేమి, 1954 సెప్టెంబరు 29 వ తేదీని 12 రాజ్యముల ఒడంబడిక అమలులోనికి వచ్చెను. అదియే సెర్న్ సంస్థ. తొమ్మిదేండ్లకు ముందు ఒకరి నగరములపై నొకరు బాంబులు వైచుకొనిన దేశములును ఆ పన్నెండింటిలో గలవు.

ఆ ఒడంబడికను మేము మెచ్చుటకు కారణము లున్నవి. సైనికావసరములతో సంస్థకు సంబంధ ముండరాదనియు, కనుగొనిన దెల్ల లోకమునకు వెల్లడింపవలెననియు అందు వ్రాసికొనిరి. చందా ఆయా రాజ్యముల ఆదాయము ననుసరించి యుండును. ఆలోచనసభలో మాత్రము చిన్న రాజ్యమునకును పెద్ద రాజ్యమునకును ఒక్కొక్క ఓటే. నేడు సభ్యరాజ్యములు 25. సాలుకు ఖర్చు నూఱు కోట్ల స్విస్ ఫ్రాంకులకు మించును.

ఒప్పందపు బలమెట్టిదో అమెరికావారి యనుభవము చూపుచున్నది. టెక్సాసులో వారు ఇంతకంటె పెద్ద యంత్రమును తలపెట్టి, సుమారు 200 కోట్ల డాలరులు వెచ్చించి, ఇంచుమించు 23 కిలోమీటరుల సొరంగము త్రవ్విరి. 1993 లో వారి శాసనసభ సొమ్ము నిలిపివేసెను. జెనీవా వద్ద 27 కిలోమీటరుల సొరంగమున యంత్రము నిలిచినది. 1964 లో కాగితముమీద ఊహింపబడిన హిగ్స్ కణము దానివలననే కనబడెనని 2012 జూలై 4 వ తేదీని ప్రకటించిరి. నలువది యెనిమిదేండ్లు! ఏటేట చేతులెత్తి మంజూరు చేయించుకొను సొమ్ముతో ఇంతటి యోపిక సాధ్యమా?

సెర్న్‌ను పొగడువారు వెంటనే వెబ్ మాట నెత్తుదురు. 1989 లో టిమ్ బెర్నర్స్-లీ అచట నుండియే దానిని సూచించెను. 1993 ఏప్రిల్ 30 న సంస్థ దానిని రుసుము లేకుండ అందఱికి వదలివేసెను. గొప్ప దానమే. కాని కణశోధనకు ఇదియే సమర్థన మనుట మాకు సమ్మతము కాదు. అది దారిలో దొరికిన నిధి. రేపు అట్టిది దొరకనిచో శోధన మానవలెనా? తెలిసికొనుటకై శోధించుచున్నా మని పన్ను కట్టువానితో నిజము చెప్పుటయే మేలు.

ఇక పరదేశీయులను పిలుచు మాట. యూరోపియను యూనియను 2021 మొదలు 2027 వఱకు పరిశోధనలకై హొరైజన్ యూరప్ అను పథకమున సుమారు 9,550 కోట్ల యూరోలు కేటాయించెను. 2007 లో ఏర్పడిన యూరోపియను రిసెర్చి కౌన్సిలు అర్జీదారుని జాతి యడుగదు. పని యూరపునందు గాని, పథకములో చేరిన దేశములందు గాని చేసిన చాలును. 2025 మే నెలలో పారిసు నగరమున, ఇతర దేశముల పండితుల నాకర్షించుటకు మూడేండ్లకు 50 కోట్ల యూరోలు ప్రకటించిరి. ఒకప్పుడు పండితులను పాఱద్రోలిన ఖండము నేడు రండని పిలుచుట మాకు సంతోషమే. అయినను, పండితుడు అచటికి పోవుటకంటె అతని వ్యాసము ఇచటికి వచ్చుట బీదదేశములకు హెచ్చు లాభము. ఆ పథకపు ధనముతో వెలువడు పరిశోధనవ్యాసములను ఉచితముగ చదువనీయవలె నను నియమమే, మా దృష్టిలో, ఆ యాహ్వానముల కంటె విలువైనది.

2017 జనవరిలో మనదేశము సెర్న్‌కు సహసభ్యత్వము పొందినది. కనుక మన పన్నులలోను కొంత ఏటేట జెనీవాకు చేరుచున్నది. బదులుగ మనవారికి అచట కొన్ని యుద్యోగములకును, మన కర్మాగారములకు కంట్రాక్టులకును అర్హత కలిగెను. అంతకు పూర్వమే, ఒక్కొక్కటి సుమారు 35 టన్నుల బరువు గల అయస్కాంతములను ఆ సొరంగమున వెండ్రుకవాసి తేడా లేక నిలుపు జాకీలు వేలకొలది మనదేశమున చేయబడి పోయినవి. ఈ సంగతి మా పై తరగతుల పిల్లల నడుగగా ఒక్కరును ఎఱుగరైరి. వారి తప్పేమి? వారికెవరు చెప్పిరి? జెనీవా వారివలె మనలను ఓటడుగలేదు సరే. ఎంత యిచ్చితిమి, ఎవరు పోయిరి, ఏమి తెచ్చిరి యను లెక్కనైనను నాలుగు పుటలలో తేటతెలుగున అచ్చొత్తించి, ప్రభుత్వమువారు ప్రతి ఉన్నతపాఠశాలకును ఏటేట పంపవలెనని మా కోరిక. మొదటి ప్రతి వచ్చిననాడు మా గ్రంథాలయపు నోటీసుపలకమీద అంటించెదము.